ఆపరేషన్‌కు ముందే అగ్నిపరీక్ష

సూరత్ మరమగ్గాల చప్పుడు నగర పొలిమేరలు దాటి ఏనాడో పల్లెల్లోకి చొచ్చుకుపోయింది. సూరత్ నుంచి భరూచ్ వైపు సాగే రైలు మార్గంలో దాదాపు పాతిక కిలోమీటర్ల దూరానగల కిమ్ అటువంటి ఊళ్ళలో ఒకటి. ఓల్పాడ్ తాలూకాలోని ఈ స్టేషను ఊరికి సమీపంలో పిపోదరా పారిశ్రామికవాడ విస్తరించడంతో, మగ్గాల వెంటే మనుషులూ వచ్చారు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి వచ్చిన వారిదే అక్కడ సింహభాగమైనా, సూరత్ వస్త్ర పరిశ్రమలో తెలుగువారి ఉనికి నిన్నమొన్నటిది కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి అక్కడ స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడిపిందంటే ఆ సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు. పిల్లల చదువుకు తెలుగు దొరికిన ఆ గడ్డమీద, పెద్దల జబ్బుకు మాత్రం తెలుగు దొరకడం కష్టం.

కిమ్‌లో మగ్గం నడిపే సిరిసిల్ల కార్మికుడొకరికి హెర్నియా ఆపరేషన్ అవసరమైందనుకుందాం. సూరత్‌లో పెద్దాసుపత్రులు లేకపోలేదు. న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది. నగరపాలక సంస్థే నడిపే స్మిమేర్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అయినా అతడి చూపు కరీంనగర్ వైపో హైదరాబాద్ వైపో మళ్ళుతుంది. ఇందులో అనాలోచితమేమీ లేదు. పగటి షిఫ్టువారు లేచిన చాపమీద రాత్రి షిఫ్టువారు పడుకునే గదిలో, కోత పడిన మనిషి నెల రోజులు బరువెత్తకుండా ఎలా ఉండగలడు? గంజి కాచి ఇచ్చే చేయి ఊళ్ళోనే ఉంది. కనుక నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కోసం ప్రయత్నం మొదలవుతుంది.

చిక్కు వచ్చేది ఇక్కడే. పరీక్షలు కిమ్‌లో చేయించుకుని వెళ్ళాలా, ఊరికి పోయాక చేయించుకోవాలా? మొదటి పద్ధతిలో, అక్కడి ల్యాబు కాగితాలను ఇక్కడి ఆసుపత్రి ఒప్పుకోకపోతే డబ్బు రెండుసార్లు వదులుతుంది. రెండో పద్ధతిలో, ఊళ్ళో దిగిన తరువాత చక్కెర అదుపులో లేదనో, ఈసీజీలో తేడా ఉందనో ఆపరేషన్ వాయిదా పడితే, సెలవు అయిపోయి తిరుగు రైలెక్కవలసి వస్తుంది. నేసిన మీటరుకు ఇంత చొప్పున కూలి తీసుకునే మనిషికి సెలవంటే జీతం లేని సెలవే. ఆపరేషన్ ఖర్చు కన్నా ఆపరేషన్ కోసం తిరిగే ఖర్చు అతడిని ముందు కుంగదీస్తుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ, దేశానికే ఒక నమూనా అయింది. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. కేంద్రం 2018 సెప్టెంబరులో ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా అయిదు లక్షల రూపాయల వరకు చికిత్స హామీ ఇచ్చింది. ఆ కార్డును దేశంలో ఏ అనుబంధ ఆసుపత్రిలోనైనా చూపవచ్చునన్నారు. వార్తా సంస్థలు పంపే కథనాలలో తరచు కనిపించే 'నగదు రహిత చికిత్స' అనే మాటను తెలుగు చేసేటప్పుడల్లా ఒక సందేహం పీడిస్తూనే ఉంటుంది. చికిత్స ఎక్కడ మొదలవుతుంది? ఆయుష్మాన్ నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరడానికి ముందు మూడు రోజుల పరీక్షలు, మందుల ఖర్చుకే రక్షణ ఉంది. డిశ్చార్జి అయ్యాక పదిహేను రోజులు. చేరకుండా బయటి రోగిగా తిరిగిన ఖర్చు పథకం పరిధిలోకి రాదు. సూరత్ నుంచి వరంగల్‌కు రైలు ప్రయాణమే దాదాపు ఒక పూర్తి రోజు. అల్ట్రాసౌండుకు ఒకనాడు, గుండె వైద్యునికి ఇంకోనాడు, మత్తు వైద్యునికి మరొకనాడు తిరిగే వలస కార్మికునికి ఈ మూడు రోజుల గడువు ఏ మూలకు?

ఈఎస్ఐ సదుపాయం ఉంటే ఈ బాధ చాలావరకు తప్పేది. కాని ఒకే కప్పు కింద ఉన్న మగ్గాలను వేరువేరు పేర్లతో చిన్న చిన్న యూనిట్లుగా చూపి, కార్మికుల సంఖ్య పదికి చేరకుండా జాగ్రత్త పడటం మరమగ్గాల రంగంలో పాత రివాజే. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు ఉచిత వైద్య సదుపాయం కల్పించే బాధ్యతను 1979 నాటి చట్టం కాంట్రాక్టరుపై ఉంచింది. అయితే ఆ చట్టం కాంట్రాక్టరు తీసుకువచ్చిన వారికే వర్తించింది. బావమరిది పిలిస్తే రైలెక్కి వచ్చినవాడు దాని కంటికి ఆనలేదు.

ఇంతకూ ఏ పరీక్ష ఎక్కడ చేయించుకోవాలన్నది వైద్యశాస్త్రం తేల్చగల ప్రశ్నే. హీమోగ్లోబిన్, చక్కెర, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్, ఈసీజీ, రక్తపోటు వంటివి పని చేసేచోట ముందుగా చూపించుకోవడమే మేలు. తేడా ఏదైనా ఉంటే రైలెక్కకముందే తెలుస్తుంది. మధుమేహం ఉన్నవారికి గత మూడు నెలల సగటు చక్కెరను సూచించే హెచ్‌బీఏ1సీ మరీ ముఖ్యం. అది ఎక్కువగా ఉంటే వారం రోజుల పత్యంతో సరిపడదు, నెలల ముందు నుంచే వైద్యం జరగాలి. కాని రక్తం ఎక్కించవలసిన ఆపరేషన్లలో గ్రూపు చీటీ జేబులో ఉన్నా, దాత రక్తం సరిపోతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచింగ్ ఆపరేషన్ చేసే ఆసుపత్రిలోనే జరగాలి. మత్తు వైద్యుని పరీక్ష కూడా అంతే. మత్తు ఇచ్చేవారే స్వయంగా చూడాలి. నూలు దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసినవారు, క్షయ వచ్చి తగ్గినవారు, బీడీ మానలేనివారు ఆ సంగతులు ఆయనకు దాచకుండా చెప్పడం ఎక్స్‌రే ఫిల్ము కన్నా ఎక్కువ ఉపయోగం.

మరో సంగతి. పన్నెండు గంటల రాత్రి షిఫ్టు ముగించుకుని, నిద్ర లేకుండా, టీ మీద టీ తాగి నేరుగా ల్యాబుకు వెళితే పరగడుపు చక్కెర లెక్క తప్పుతుంది, రక్తపోటు ఉన్నదానికన్నా హెచ్చుగా కనిపించవచ్చు. ఆ కాగితం చూసి ఊళ్ళోని వైద్యుడు ఆపరేషన్ ఆపితే తప్పు ఎవరిది? పేర్లతోనూ పేచీ ఉంది. గుజరాత్‌లో ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు వరుసగా రాస్తారు. మనవారి ఆధార్‌లో అది ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు. రిపోర్టులో ఉన్న మనిషీ కార్డులో ఉన్న మనిషీ ఒకరేనని రుజువు చేసుకోవడానికి ఒక పూట పోతుంది. రిపోర్టు తీసుకునేముందే కార్డు చూపి అక్షరాలు సరిచూసుకోవడం ఉత్తమం. స్కానింగు చేయించుకున్నవారు కాగితంతోపాటు బొమ్మలున్న డిస్కును, గడ్డనుంచి ముక్క తీయించుకున్నవారు స్లైడ్లను, మైనపు దిమ్మెను అడిగి తీసుకోవాలి. అవి చేతిలో ఉంటే హైదరాబాద్‌లో రెండోసారి ముక్క తీయించుకునే బాధ చాలావరకు తప్పుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఎన్ని రోజుల ముందు ఆపాలో ఆపరేషన్ చేసే వైద్యుని ఫోనులోనైనా అడగాలి. సొంతంగా ఆపడం ప్రమాదం, ఆపకుండా వెళ్ళడం మరో వారం వాయిదా.

పరీక్షలు ఎక్కువైతే రక్షణ ఎక్కువన్న భ్రమ కూడా మనలో బాగా పాతుకుపోయింది. శుక్లాల ఆపరేషన్‌కు ముందు మూకుమ్మడిగా చేసే పరీక్షల వల్ల అదనపు ప్రయోజనం లేదని 19 వేలకు పైగా ఆపరేషన్లను పరిశీలించిన అధ్యయనం 2000లోనే తేల్చింది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలను నిర్ణయించే నైస్ సంస్థ 2016లో జారీచేసిన మార్గదర్శకాలు, ఆపరేషన్‌కు ముందు అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయడం తగదన్నాయి. మన దగ్గర ముప్ఫయ్యేళ్ళ ఆరోగ్యవంతునికి చిన్న కోతకు సైతం బారెడు జాబితా రాసిచ్చే ఆసుపత్రులు కొల్లలు. జాబితా ఎవరి అవసరానికి పెరుగుతున్నదో వేరే చెప్పనక్కరలేదు. ఉచిత శిబిరం పేరుతో మెహసానా జిల్లా గ్రామస్థులను 2024 నవంబరులో అహ్మదాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తరలించి, కొందరికి గుండె స్టెంట్లు అమర్చగా ఇద్దరు మరణించిన ఉదంతం గుజరాత్‌ను కుదిపివేసింది. ఆయుష్మాన్ సొమ్ము కోసమే అవసరం లేని చికిత్స చేశారన్న ఆరోపణపై అరెస్టులు జరిగాయి.

పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు ఇచ్చిన సమ్మతి కాదని సుప్రీంకోర్టు సమీరా కోహ్లి కేసులో 2008 జనవరిలోనే స్పష్టం చేసింది. రోగి కోరితే వైద్య రికార్డులను 72 గంటలలో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెప్పాయి. ఈ రెండు సంగతులు పరాయి భాషలో సంతకం పెట్టబోయే ప్రతి వలస కార్మికునికీ తెలియవలసినవి. తెలిపేదెవరు? గుజరాతీ, హిందీ అరకొరగా వచ్చిన తోటి కార్మికుడే అక్కడ దుబాసీ. వరసకు బాబాయో అన్నో అయిన ఆయన డాక్టరు చెప్పినదానిలో సగం మింగి, మిగిలినది తన భాషలో వినిపిస్తాడు.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం రేగినప్పుడు వలస కార్మికులు లక్షలలో రైళ్ళెక్కి పోయారు. అది ప్లేగు అవునా కాదా అన్నది ప్రయోగశాలలో తేలడానికి పట్టిన కాలమే భయాన్ని పెంచింది. ఆ మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రం చేయించిన తీరు దేశమంతటా చర్చనీయమైంది. చెత్త విషయంలో అంత పట్టుదల చూపగలిగిన నగరానికి, కార్మికుల ఆరోగ్యం విషయంలో చూపడం అసాధ్యం కాదు.

సొంత రాష్ట్రానికీ బాధ్యత ఉంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ పేరుతో 2018లో మొదలైన ఉచిత పరీక్షల ఏర్పాటును 2023లో 134 రకాలకు విస్తరించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే రిపోర్టు ఫోనుకు వస్తుంది. ఊరికి వచ్చినవారికి అది వరమే. కిమ్‌లో ఉన్నవారికి మాత్రం అందని ద్రాక్ష. ఆరోగ్యశ్రీ ట్రస్టు సూరత్‌లో గుర్తింపు పొందిన రెండు మూడు ల్యాబులతో ఒప్పందం చేసుకుని, అక్కడి రిపోర్టులను నిర్ణీత గడువువరకు ఇక్కడి అనుబంధ ఆసుపత్రులు విధిగా ఆమోదించేలా ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆయుష్మాన్ నిబంధనలోని మూడు రోజులను, దూరప్రాంతాల నుంచి వచ్చేవారికైనా నెల రోజులకు పెంచాలని కేంద్రాన్ని కోరవచ్చు. న్యూ సివిల్‌లోనూ స్మిమేర్‌లోనూ తెలుగు తెలిసిన ఆరోగ్యమిత్రను ఒక్కొక్కరిని కూర్చోబెట్టడానికి రెండు ప్రభుత్వాల మధ్య ఒక్క ఉత్తరం చాలు. ఇన్నేళ్ళుగా ఆ ఉత్తరం రాయడానికి ఎవరికీ తీరిక దొరకకపోవడం విడ్డూరం.