సూపుకు చిక్కదనం పప్పు డబ్బాలోనే ఉంది



సాయంత్రం పరామర్శ వేళలో ఏ ఆసుపత్రి వార్డులోనైనా మంచాల పక్కనున్న బల్లలను ఒకసారి చూడండి. బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు బత్తాయిలు, కొబ్బరి బొండాం, ఖరీదైన మాల్టు పొడి సీసా కనబడతాయి. మంచం మీదున్న మనిషి మాత్రం వారం రోజులుగా రెండు ముద్దల చారు అన్నం తిని గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. "ఈ రోజు ఏమి పెట్టారమ్మా?" అని అడిగితే "సూపు తాగించామండీ" అని ఇంటివారు తృప్తిగా చెబుతారు. మూత తీసి చూస్తే గిన్నె అడుగు కనబడేంత పలుచటి నీళ్లు, వాటిలో నాలుగు క్యారెట్టు ముక్కలు, నాలుకకు తగిలేంత ఉప్పు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కోలుకుంటున్న మనిషికి ఇచ్చే సూపు చిక్కగా ఉండాలి. ఆ చిక్కదనం పప్పు నుండి రావాలి. దానికి మీగడ అక్కరలేదు, వెన్న అక్కరలేదు, బజారు ప్యాకెట్టు అసలే అక్కరలేదు. కావలసినవన్నీ ఇప్పుడు మీ వంటింటి అలమరలోనే ఉన్నాయి.

ఈ మాట అనగానే మన ఇళ్లలో పెద్దవారు అడ్డుపడతారు. "కుట్లు ఊడేవరకూ పప్పు పెట్టకూడదు, చీము పడుతుంది" అంటారు. వారి ప్రేమను మనం తప్పుపట్టలేము. కానీ చీము పప్పు వలన రాదు. గాయంలోకి సూక్ష్మక్రిములు చేరినప్పుడు వస్తుంది. కట్టు తడిసి మురికిగా ఉన్నా, షుగరు అదుపులో లేకున్నా ఆ ప్రమాదం పెరుగుతుంది. గాయం పూడాలంటే శరీరం కొత్త కణజాలాన్ని నిర్మించుకోవాలి. ఆ నిర్మాణానికి ఇటుకల వంటివి మాంసకృత్తులు. పత్యం పేరుతో పప్పు, గుడ్డు, పాలు మూడూ మాన్పించి చారు మెతుకులు పెట్టడం అంటే, ఇల్లు కట్టే మేస్త్రీకి ఇటుకలు ఇవ్వకుండా నీళ్లు మాత్రం మోసి ఇవ్వడమే.

లెక్క కూడా చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారం, ఆరోగ్యవంతులైన పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల మనిషికి సుమారు 42 గ్రాములు. ఆపరేషను తరువాత, పెద్ద జబ్బు తరువాత ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. పలుచటి కూరగాయల నీళ్లలో మాంసకృత్తులు దాదాపు ఉండవు. 100 గ్రాముల పెసరపప్పులో మాత్రం సుమారు 24 గ్రాములు ఉంటాయి.

ఆహారం విషయం ఇంత పట్టుబట్టి చెప్పడానికి ఒక కారణం ఉంది. మన దేశంలోనే జార్ఖండ్ రాష్ట్రంలో క్షయ రోగుల కుటుంబాలపై జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. రోగితో ఒకే ఇంట్లో ఉండే పెద్దవారికి ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, వాటితోపాటు విటమిన్ల మాత్రలు ఆరు నెలలపాటు ఇచ్చారు. ఈ అదనపు ఆహారం అందని ఇళ్లతో పోలిస్తే, అందిన ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. కిలోన్నర పప్పు అంటే రోజుకు 50 గ్రాములు, చిన్న గుప్పెడు. మందుల స్థానంలోకి ఆహారం రాదు. కానీ ఆ గుప్పెడు పప్పు విలువ ఎంతటిదో ఇక్కడ మనకు తెలుస్తుంది.

ఆ గుప్పెడుతోనే సూపు కాచుకుందాం. రెండు పెద్ద గిన్నెల సూపుకు 50 గ్రాముల పెసరపప్పు, ఒక చెంచా బియ్యం, ఒక ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, పావు కిలో కూరగాయ ముక్కలు చాలు. సొరకాయ, గుమ్మడికాయ, క్యారెట్టు, బంగాళాదుంప, వీటిలో ఇంట్లో ఏది ఉంటే అది. సొరకాయ కోయగానే చిన్న ముక్క రుచి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారవేయండి. చేదు సొరకాయ ప్రమాదకరం.

పప్పును కమ్మటి వాసన వచ్చేవరకూ దోరగా వేయించి, బియ్యంతో కలిపి కడగండి. కుక్కరులో చెంచా నూనె వేసి, అర చెంచా జీలకర్ర, తరిగిన ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించండి. తరువాత కూర ముక్కలు, పప్పు, బియ్యం, చిటికెడు పసుపు, మూడు గ్లాసుల నీళ్లు వేసి, నాలుగైదు కూతలు రానివ్వండి. ఆవిరి పూర్తిగా పోయాక పప్పుగుత్తితో మెత్తగా ఎనపండి. మిక్సీ వాడేవారు సూపు చల్లారిన తరువాతే వేయాలి. వేడి సూపు వేస్తే ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి. చివరగా మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిచ్చి, దించాక అర గ్లాసు కాచిన పాలు, కొద్దిగా ఉప్పు, మిరియాల పొడి కలపండి. గరిటెతో తీసి వంచితే నీళ్లలా కారిపోకుండా నెమ్మదిగా జారాలి. అదే సరైన పాకం.

హోటలు సూపుకు చిక్కదనం మొక్కజొన్న పిండి వలన, మీగడ వలన వస్తుంది. మన సూపులో పప్పులోనూ బియ్యంలోనూ ఉన్న పిండి పదార్థం ఉడికి, నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే మీగడ వేసినట్టే నోటికి నున్నగా తగులుతుంది. పాలతో కలిపి ఈ రెండు గిన్నెలలో సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మరుగుతున్నప్పుడు ఒక గుడ్డు గిలకొట్టి పోసి బాగా ఉడికిస్తే ఇంకో 6 గ్రాములు చేరతాయి. టమాటా వేస్తే మాత్రం పాలు పోయకండి, పులుపుకు విరిగిపోతాయి. పాలు పడనివారికి రెండు చెంచాల వేయించిన పల్లీల పొడి కలిపితే చాలు.

"పప్పు వాయువు చేస్తుంది కదా" అన్నది రెండవ అభ్యంతరం. ఇందులో కొంత నిజం ఉంది. అందుకే కందిపప్పు, శనగపప్పు కాక, సులువుగా అరిగే పెసరపప్పు చెప్పాను. మొదటి రోజు అర గిన్నెతో మొదలుపెట్టి, పడితే పెంచండి. చిటికెడు ఇంగువ కూడా వేసుకోవచ్చు.

ఇక బజారు సూపు ప్యాకెట్టు సంగతి. దాని వెనుకనున్న పదార్థాల పట్టీ చదవండి. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువ బరువున్నది వెనుక రాయాలని మన దేశంలో నియమం. చాలా ప్యాకెట్లలో ముందు కనబడేవి పిండి, చక్కెర, ఉప్పు. కూరగాయల పేర్లు ఎక్కడో వెనుక ఉంటాయి. పెద్దవారికి రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, దాటకూడదు. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు ఈ మాట మరింత గుర్తుంచుకోవాలి. మాల్టు పొడులలో కూడా చక్కెర పాలు ఎక్కువే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇటువంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' అన్న విభాగంలో చూపవద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. మన ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అన్నదానికి నిర్వచనమే లేదు. అప్పు చేసి ఆ సీసా కొనే కుటుంబాలను చూసినప్పుడు నాకు కలిగే బాధ ఇంతా అంతా కాదు.

కొన్ని జాగ్రత్తలు తప్పక పాటించాలి.

కడుపు ఆపరేషను అయినవారికి డాక్టరు గారు ఆహారం మొదలుపెట్టమని చెప్పేవరకూ ఏమీ ఇవ్వకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పు, బంగాళాదుంప, టమాటా ఎంతవరకూ ఇవ్వాలో డాక్టరు గారినే అడగాలి. షుగరు ఉన్నవారికి బంగాళాదుంప, బియ్యం మానేసి సొరకాయతో కాచండి. పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టమవుతుంది. ఏ ఆహారం ఎంత చిక్కగా ఇవ్వాలో తెలుసుకుని, వారిని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో నిదానంగా పట్టాలి. ఏడాది లోపు పసిపిల్లలకు ఆరు నెలలు నిండాక ఈ సూపు ఉప్పు, మిరియాలు, పాలు లేకుండా పెట్టవచ్చు. తెచ్చిన సూపును బల్ల మీద గంటల తరబడి ఉంచవద్దు. రెండు గంటలలోపు వాడాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ బాగా మరిగించి ఇవ్వాలి.

చివరిగా పరామర్శకు వెళ్లే సంఘ కుటుంబాలకు ఒక మనవి. మనం ఉత్త చేతులతో వెళ్లడానికి మొహమాటపడతాము. అందుకే దారిలో కనబడిన బ్రెడ్డో, సీసానో కొంటాము. ఈసారి వెళ్లేముందు ఆ ఇంటివారికి ఫోను చేసి, "డాక్టరు గారు ఏమి తినమన్నారు?" అని అడగండి. పప్పు తినవచ్చంటే ఒక ఫ్లాస్కులో వేడి సూపు తీసుకువెళ్లండి. దూరం నుండి వచ్చి ఆసుపత్రి ఆవరణలోనే వండుకునే కుటుంబమైతే అర కిలో పెసరపప్పు ఇచ్చి, ఎలా కాచాలో పక్కన కూర్చుని చెప్పండి. ఆ అర కిలోతో ఒక మనిషికి పది రోజులు సూపు వస్తుంది.

మంచం మీదున్న మన అమ్మకో, మామగారికో ఆకలి తక్కువగా ఉంటుంది. రోజుకు వారు తాగగలిగేది రెండు గిన్నెలే కావచ్చు. ఆ రెండు గిన్నెలలో నీళ్లు నింపుతామా, బలం నింపుతామా అన్నది మన చేతుల్లో ఉంది. ఈ రాత్రి పప్పు డబ్బా మూత తీయండి.