మన తెరకు వాయిదాలు తెలీవు

తెలుగు సినిమాలో విడాకులంటే ఒక బ్రౌన్ కవరు. భర్త దాన్ని టీపాయ్ మీద పడేస్తాడు. భార్య కళ్లు తుడుచుకుంటూ సంతకం పెడుతుంది, లేదంటే క్లైమాక్సులో ఇద్దరిలో ఒకరు ఆ కాగితాలు పరపరా చింపేస్తారు. మా వరంగల్ వైపు పల్లెల్లో దీన్ని ఇడుపుకాయితం అంటారు. పెద్దమనుషులు కూర్చుని రాయించే ఆ కాయితానికి, ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువు చేస్తే తప్ప, చట్టం ముందు విలువ లేదు. మన రచయితలు ఇంకా ఆ కాయితం దగ్గరే ఉన్నారు. కాకపోతే దాన్ని ఇంగ్లీషులో టైపు చేయించి కవర్లో పెట్టారు.

అసలు జరిగేది వేరు. హిందూ వివాహ చట్టంలోకి 13బి సెక్షన్ 1976లో వచ్చింది. దాని ప్రకారం ఇద్దరికీ ఇష్టమై విడిపోవాలన్నా ముందు ఏడాది పాటు విడివిడిగా ఉండాలి. కలిసి పిటిషన్ వేయాలి. ఆరు నెలలు ఆగాలి. మళ్లీ ఇద్దరూ వచ్చి జడ్జి ముందు అదే మాట చెప్పాలి. ఈలోపు ఏ ఒక్కరు మనసు మార్చుకున్నా కథ మొదటికొస్తుంది. ఆ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో ఎత్తేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఇదంతా ఒప్పుకున్నవాళ్ల సంగతి. ఒకరు ఒప్పుకోకపోతే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో జీతాలు మారతాయి, పిల్లల స్కూళ్లు మారతాయి, తల్లిదండ్రులు పోతారు, వకీళ్లు కూడా మారతారు. కథకి కావాల్సిందంతా అక్కడే ఉంది. మన కెమెరా మాత్రం సంతకం దగ్గర ఆన్ అయి సంతకం దగ్గరే ఆఫ్ అవుతుంది.

ఈ మాటంటే నా ఈడువాళ్లు వెంటనే 'ది స్ప్లిట్' పేరెత్తుతారు. బీబీసీలో 2018 నుంచి 2022 దాకా మూడు సీజన్లు నడిచింది, అబీ మోర్గన్ రాసింది. తల్లీ, ఇద్దరు కూతుళ్లూ లండన్‌లో విడాకుల వకీళ్లు. ఎదుటివాళ్ల కాపురాలు తెంచడంలో ఆరితేరిన హానాకి తన కాపురం చేతుల్లోంచి జారిపోతుంటే ఏం చేయాలో తెలీదు. మంచి సీరీస్. దక్షిణ కొరియాలో 2024లో వచ్చిన 'గుడ్ పార్ట్‌నర్' కూడా మంచిదే. దాన్ని రాసిన చోయ్ యునా స్వయంగా విడాకుల కేసులు వాదించే లాయరు. "మనవాళ్లు ఇలాంటివి ఎప్పుడు తీస్తారు భయ్యా" అని అడిగేవాళ్లకి నా జవాబు: దయచేసి ఇలాంటివి తీయొద్దు. తీస్తే ఏమవుతుందో నాకు ఇప్పుడే కనిపిస్తోంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ముప్ఫయ్యో అంతస్తు, అద్దాల గది, బ్లేజరు వేసుకున్న హీరోయిన్, చేతిలో కాఫీ కప్పు, "మై క్లయింట్ వాంట్స్ ఫిఫ్టీ పర్సెంట్" అని డైలాగు.

ఆ డైలాగు దగ్గరే కథ అబద్ధమైపోతుంది. ఇంగ్లండ్‌లో కోర్టు భార్యాభర్తల ఆస్తుల్ని లెక్కగట్టి పంచగలదు. లండన్ విడాకుల డ్రామాలో సగం ఉత్కంఠ ఆ పంపకంలోదే. మన హిందూ చట్టంలో కాపురంలో కూడబెట్టింది ఇద్దరిదీ అని పంచిపెట్టే ఏర్పాటు లేదు. ఉన్నది భరణం, ఆడమనిషి స్త్రీధనం, పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న ప్రశ్న. ఇరవయ్యేళ్లు ఇంటిపని చేసిన ఆడమనిషి తన పేరు లేని ఇంట్లోంచి బయటికొస్తే ఆ ఇంట్లో వాటా అడగలేదు, భరణం అడగాలి. వాటాకీ భరణానికీ మధ్య ఉన్న ఆ అవమానం మీద ఒక సీజన్ మొత్తం రాయొచ్చు. లండన్‌ని కాపీ కొట్టేవాడికి అది కనపడదు.

ఇంకో తమాషా ఉంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఈ కోర్టులో వకీలుని పెట్టుకోవడం కక్షిదారుడి హక్కు కాదు. మొగుడూ పెళ్లాల గొడవ నల్లకోట్ల గొడవ కాకూడదని చట్టం అనుకుంది, ముందు రాజీకి ప్రయత్నించమని జడ్జికే చెప్పింది. అయినా కోర్టు అనుమతితో వకీళ్లు వస్తూనే ఉంటారు. చట్టం గుమ్మం బయట ఆపాలనుకున్న మనిషే లేకపోతే పని జరగని చోటు ఇది. వకీలు పాత్ర రాసేవాడికి ఇంతకంటే మంచి ముడి ఇంకేం కావాలి?

మా ఊరి సంగతే చూడండి. హనుమకొండలో ఒక కూడలి పేరే అదాలత్. 2021 డిసెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ఇక్కడ కొత్త కోర్టు భవనాలు ప్రారంభించారు. భవనాలు కొత్తవే, వాయిదాలు పాతవే. ఫ్యామిలీ కోర్టు కేసు అంటే పొద్దున్నే బస్సెక్కి రావడం, పిలుపు కోసం వరండాలో నిలబడటం, అవతలి పక్షం అదే వరండాలో పది అడుగుల దూరంలో ఉంటే చూపు ఎటు తిప్పుకోవాలో తెలియకపోవడం. 2020లో సుప్రీంకోర్టు భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అఫిడవిట్‌లో రాసివ్వాలని చెప్పింది. ఐటీ ఉద్యోగం చేస్తున్న నాకు తెలుసు, ఒక జీతాన్ని ఎన్ని రకాలుగా చిన్నది చేసి చూపించొచ్చో: వేరియబుల్ పే రాలేదని, షేర్లు ఇంకా చేతికి రాలేదని, ఈఎంఐలకే సరిపోతోందని. మొన్నటిదాకా ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు ఒకరి ఖర్చుల పట్టిక ఒకరు చదువుకుంటున్న సీను మన తెర మీద చూసినట్టు నాకు గుర్తులేదు.

దాని బదులు మనకి దొరికిందేమిటి? 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో 'కార్తీకదీపం' నడిచింది. భర్త అనుమానం మీద, భార్య సహనం మీద వందల ఎపిసోడ్లు. ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయే సంగతి కదా అని జనం మీమ్స్ వేసుకున్నారు. నవ్వు సరే, నాకు బాధనిపించింది ఇంకోటి: ఆ కథకి చట్టంతో అవసరమే పడలేదు. భార్య ఎంత ఓర్చుకుంటే అంత గొప్పది. భరణం అడిగితే ఆ గొప్ప తగ్గిపోతుంది.

దానికంటే ఘోరం 'బతుకు జట్కాబండి', 'రచ్చబండ' తరహా షోలు. పేర్లు వినండి, చాలు. ఊళ్లో చెట్టు కింది పంచాయితీని స్టూడియోకి తెచ్చి, పెద్దమనిషి కుర్చీలో సినిమా తారని కూర్చోబెట్టారు. భార్య ఒక పక్క, భర్త ఒక పక్క, మధ్యలో ఏడుపు, తిట్లు, వీలైతే ఒక చెంపదెబ్బ. ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ ఏం చెప్తుందో తెలుసా? ఇద్దరిలో ఏ ఒక్కరు కోరినా విచారణ తలుపులు మూసే జరపాలి. పేదింటి ఆడమనిషికి చట్టం ఇచ్చిన ఆ మూసిన తలుపుని టీవీ తీసేసి మధ్యమధ్యలో సబ్బుల యాడ్స్ వేసింది. చదువుకున్నోళ్లు ఆ షోలని చూసి నవ్వుకున్నారు. వాళ్ల గొడవలు మాత్రం ఎవరూ స్టూడియోకి తేలేదు.

సినిమావాళ్లకి కోర్టు తెలీదనను. 1981లోనే డి. కామేశ్వరి నవల ఆధారంగా 'న్యాయం కావాలి' వచ్చింది, మోసపోయిన అమ్మాయి కోర్టుకెక్కింది, శారద వకీలుగా వాదించింది. 2021లో 'వకీల్ సాబ్', 2025లో 'కోర్ట్' జనం బాగానే చూశారు. కానీ గమనించండి, 'వకీల్ సాబ్', 'కోర్ట్' రెండూ క్రిమినల్ కేసులు. అక్కడ ఒక దుర్మార్గుడుంటాడు, ఒక నిర్దోషి ఉంటారు, తీర్పు రాగానే లైట్లు వెలుగుతాయి. ఫ్యామిలీ కోర్టులో తీర్పు వచ్చాక కూడా ఆదివారం పిల్లాణ్ని తీసుకెళ్లడానికి అదే మనిషి గుమ్మం ముందు నిలబడతాడు. విడాకుల్నే కథగా తీసుకున్న ఎస్.వి. కృష్ణారెడ్డి 'ఆహ్వానం' (1997) ఏం చేసింది? పెళ్లి జరిగినట్టే విడాకులూ తంతుగా జరగాలని భార్య పట్టుబడుతుంది, భర్తకి కనువిప్పు కలుగుతుంది. తెలివైన ఊహే. కానీ అక్కడా కాపురం నిలబడితేనే సినిమా గెలిచినట్టు.

ఇక అసలు కోపం తెప్పించే విషయం. భారతదేశంలో వైవాహిక చట్టం మీద జరిగిన అతి పెద్ద చర్చల్లో ఒకటి ఒక తెలుగు సినిమా హీరోయిన్ కేసుతో మొదలైంది. 'మరో చరిత్ర' (1978)తో అందరికీ తెలిసిన సరిత. స్కూలు వయసులో తనకి పెళ్లయిందంటూ, కాపురానికి రమ్మని ఆదేశించాలంటూ భర్త కడప కోర్టులో 9వ సెక్షన్ కింద పిటిషన్ వేశాడు. అది హైకోర్టుకెళ్లింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని ఆడమనిషిని కాపురానికి పంపే అధికారం రాజ్యానికి లేదని, అది ఆమె గోప్యతకీ శరీరానికీ సంబంధించిన హక్కని ఆ తీర్పు సారాంశం. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తేల్చడానికి 34 ఏళ్ల ముందు మాట ఇది. మరుసటి ఏడాదే, 1984లో, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ తీర్పుతో విభేదించి 9వ సెక్షన్‌ని నిలబెట్టింది. 2019లో మళ్లీ దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది.

'కాపురానికి రా' అన్న నోటీసు ఈ సెక్షన్ కిందే వస్తుంది. అది ప్రేమలేఖ కాదని వకీళ్లందరికీ తెలుసు. ఆదేశం వచ్చి ఏడాదిలోగా కాపురం మొదలవకపోతే అదే విడాకులకి ఆధారం. "రమ్మన్నా రాలేదు" అని భరణం ఎగ్గొట్టడానికీ వాడతారు. అలా ఆదేశాన్ని పాటించకపోయినా భార్యకి భరణం రావొచ్చని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పాల్సొచ్చింది. ఇంత కథ మన హైకోర్టులో, మన హీరోయిన్ పేరు మీద ఉంటే నలభై ఏళ్లలో దీన్ని తీసిన మనిషి నాకు కనపడలేదు. సరిత జీవితాన్ని తీయమని అనడం లేదు, అది ఆమె సొంతం. ఆ తీర్పులోని ప్రశ్నని తీయండి.

అమెరికా కావాలా? అదీ ఉంది. తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు వేసింది. ఆ విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రతి వీధిలో ఒక హెచ్1బి అల్లుడున్న మన సమాజానికి ఇది పాత వార్తా?

"ఇలాంటివి తీస్తే కాపురాలు కూలిపోతాయి" అంటారు కొందరు. కాపురాలు కూలుతున్నాయి కాబట్టే ఆ వరండా నిండుగా ఉంది. "మగాళ్ల మీద పెట్టే తప్పుడు కేసుల సంగతేంటి" అంటారు ఇంకొందరు. రాయండి. ఫిర్యాదులో తన పేరు కూడా ఉందని విని భయంతో వణికే డెబ్బై ఏళ్ల అత్తగారిని రాయండి. కానీ అదే ఎపిసోడ్‌లో ఆ కోడలి బంగారం ఎవరి లాకర్లో ఉందో కూడా రాయండి. లీగల్ డ్రామా చేయగలిగిన పని అదే, రెండు పక్షాలూ పూర్తిగా వినడం. "లేడీస్ చూడరు" అనే నిర్మాతకి ఒక్క మాట: స్టూడియో పంచాయితీలని ఏళ్ల తరబడి చూసిందెవరు?

మన జిల్లా కోర్టుల్లో ఫ్యామిలీ కేసులు చేసే ఆడవకీళ్లున్నారు, కౌన్సెలర్లున్నారు. కొరియావాళ్లు లాయరు చేతికే పెన్ను ఇచ్చారు, మనవాళ్లు కనీసం ఒక లాయరుని రచయితల గదిలో కూర్చోబెట్టొచ్చు. మొదటి ఎపిసోడ్‌లో ఎవరికీ విడాకులు ఇప్పించకండి. నర్సంపేటలో బట్టల షాపులో పనిచేసే ఒకామె ఆ రోజు జీతం వదులుకుని హనుమకొండ వస్తుంది. పదిన్నర నుంచి వరండాలో ఉంటుంది. నాలుగింటికి పేరు పిలుస్తారు. అవతలి వకీలు రాలేదు, వచ్చే నెలకి వాయిదా. ఆమె మళ్లీ బస్టాండుకి నడుస్తుంది. ఈ నలభై నిమిషాలు ప్రేక్షకుణ్ని కదలనివ్వకుండా రాయగలిగితే రెండో ఎపిసోడ్‌కి జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.