అపరాధ పరిశోధకునికి ఇల్లుండరాదా?

హత్య జరిగిన యింటి తలుపు తెరచుటతో మొదలై హంతకుని పేరు బయటపడుటతో ముగియు నవలలో, ఆ పేరు కనిపెట్టిన పరిశోధకుడు ఎవరిని ప్రేమించెనో పాఠకునికి తెలియవలసిన పని యేమున్నదని అడుగువారు మనలో పెక్కుమంది కలరు. పైకి ఇది సాహిత్యప్రమాణమును గూర్చిన ప్రశ్న వలె వినబడును. కథకు సంబంధింపని దానిని కథలో చొప్పింపరాదన్న నియమమును కాదనువాడెవడు? అయితే పరిశోధకుడు స్త్రీని గాక పురుషుని ప్రేమించువాడైనపుడు మాత్రమే ఈ నియమము మనకు గుర్తువచ్చుచున్నది. డొరొతీ సేయర్స్ 1930లో వ్రాసిన ‘స్ట్రాంగ్ పాయిజన్’లో, అభిరుచికొలది నేరపరిశోధన చేయు లార్డ్ పీటర్ విమ్సీ, ప్రియునికి విషమిచ్చినదన్న అభియోగముపై బోనులో నిలిచిన హారియెట్ వేన్‌ను చూచి మనసిచ్చెను. శరదిందు బందోపాధ్యాయ సృష్టించిన బ్యోమకేశ్ బక్షీ ఒక హత్యను విచారింపబోయి, అక్కడనే సత్యవతిని కలిసికొని, పెండ్లియాడి, సంసారము చేసెను. ఆ ప్రేమలు, ఆ పెండ్లిండ్లు కథకెందుకని అడిగిన పాఠకుని నేనెరుగను. మురిసిపోయి చదివినవారినే ఎరుగుదును. ఒకని ఇల్లు కథకు అలంకారమై, మరియొకని ఇల్లు కథకు అడ్డమగుట న్యాయము కాదు.

అమెరికాలో జోసెఫ్ హాన్సెన్ 1970లో ‘ఫేడవుట్’ అను నవలను ప్రకటించెను. అందలి డేవ్ బ్రాండ్‌స్టెటర్ జీవితబీమా కంపెనీ తరఫున అనుమానాస్పద మరణములను విచారించు ఉద్యోగి. తుపానులో ఒక రేడియో గాయకుని కారు వంతెన మీదనుండి వాగులో పడినది; కారు దొరికినది గాని శవము దొరకలేదు. ఏండ్ల తరబడి తనతో కాపురము చేసిన రాడ్ అను సహచరుని క్యాన్సరు వలన కోల్పోయి, ఆ దుఃఖము ఇంకను పచ్చిగా నుండగనే డేవ్ ఈ విచారణకు పూనుకొనును. గాయకుని ఇంటిలో అతడు చూచిన వస్తువులను ఇతరులును చూచిరి. అయినను వాటి వెనుకనున్న మనిషిని పోల్చుకొనుటకు అట్టి జీవితము జీవించినవాని కన్నే కావలసివచ్చెను. ముగింపును ఇక్కడ చెప్పుట అపరాధ పరిశోధన నవలలు చదువువారికి చేయరాని ద్రోహము గనుక ఇంతటితో ఆపుచున్నాను. హాన్సెన్ ఈ పాత్రతో 1991 వరకు 12 నవలలు వ్రాసెను. నడుమ 1980లో, ఇతరులు వ్రాసిన ‘వెర్మిలియన్’ అను నవల వచ్చినది. అందు పరిశోధకుడు బోస్టన్ నగరపు మద్యశాలలో గ్లాసులు అందించు డేనియల్ వాలెంటైన్. అతనికి పోలీసుశాఖతో గాని బీమా కంపెనీతో గాని సంబంధము లేదు.

ఇట్టివానిని మన గన్నవరములో ఊహించి చూతము. బస్టాండు దాపున మందుల షాపు పెట్టుకొన్న ముప్పదియైదేండ్ల బ్రహ్మచారి. షాపుకు వచ్చిన ప్రతి పెద్దమనిషియు, ఏ పెండ్లిలో కనబడినను ప్రతి మేనత్తయు, “ఏరా, పప్పన్నం ఎప్పుడు పెడతావు?” అని అడుగకమానరు. “చూద్దాంలే అత్తా” అని అతడు నవ్వి తప్పించుకొనును. ఆదివారమునాడు విజయవాడలోనున్న స్నేహితుని కడకు పోయి వచ్చి, స్టాకు కొరకు పోయితినని ఇంటిలో చెప్పును. చెప్పి ఊరకొనక, హోల్‌సేలు వ్యాపారి ఏమన్నాడో, రామవరప్పాడు రింగు వద్ద బస్సు ఎంతసేపు నిలిచినదో కూడ వివరించును. ఇంతలో కేసరపల్లెలో ఒక రైతు చనిపోయెననుకొందము. ఆ రాత్రి తాను హనుమాన్ జంక్షనులో ఉంటినని మృతుని తమ్ముడు ఇన్‌స్పెక్టరుకు చెప్పుచు, అక్కడ ఏ హోటలులో ఏ టిఫిను తిన్నది, చట్నీలో ఉప్పు ఎక్కువైనదన్న సంగతి సైతము చెప్పును. ఇన్‌స్పెక్టరుకు ఆ వివరమే నమ్మకము కలిగించును. మందుల షాపువానికి ఆ వివరమే అనుమానము పుట్టించును. అడుగని ప్రశ్నకు జవాబు చెప్పువాడు దేనినో దాచుచున్నాడని అతనికి తెలియును, ఏలననగా పదునైదేండ్లుగా అతడు చేయుచున్నదియు అదియే. ఈ కథలోనుండి అతని ఆదివారమును తీసివేసినచో చట్నీ ఒట్టి చట్నీయగును, హంతకుడు దొరకడు. పరిశోధకుని సొంత బ్రతుకు కథకు అక్కరలేదనువారికి ఇంతకుమించిన సమాధానము నా వద్ద లేదు.

పూర్వపు నవలలలో, చలనచిత్రములలో ఇట్టి మనుష్యులు లేకపోలేదు. వారు హతులుగనో, అనుమానితులుగనో, బెదిరించి సొమ్ము గుంజువాని చేతిలో చిక్కినవారుగనో కనబడిరి. ఇంగ్లండులో 1885నాటి శాసనము ఈ ప్రేమను నేరముగా నిలిపియుంచినన్నాళ్లు అట్టి గుంజుడుగాండ్రకు అది వరమైనది. 1961లో వచ్చిన ‘విక్టిమ్’ చిత్రమునకు అదియే వస్తువు. 1967లో గాని అక్కడ ఆ చట్టము సడలలేదు. మనకు 1860నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఉండెడిది. వయస్సు వచ్చినవారి నడుమ ఇష్టపూర్వకమగు లైంగిక సంబంధము నేరము కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. కోర్టు భయము తొలగినది. పరువు భయము తొలగలేదు. బెదిరింపు ఉత్తరము మన డిటెక్టివ్ నవలలకు తొలినాటినుండియు ఇష్టమైన సామగ్రియే గదా! ఆ ఉత్తరమును అందుకొన్నవాడే కుంగిపోక, వ్రాసినవానిని వెదకుటకు బయలుదేరిన కథ ఎంత బలముగా నుండునో రచయితలు ఆలోచింపవలయును.

“పిల్లలున్న ఇంట్లో ఇలాంటి పుస్తకాలా?” అనువారును కలరు. గొంతు కోసిన శవమును మొదటి పుటలోనే పరుండబెట్టు పుస్తకమును పిల్లలున్న ఇంటిలో ఉంచుకొన్నవారు, ఇద్దరు పురుషులు కలిసి కాఫీ త్రాగు పుటకు జంకుట నాకు దుఃఖము కలిగించుచున్నది.

ఇక మెచ్చుకొనువారిలో కొందరు వేరొక అన్యాయము చేయుచున్నారు. నాయకుడు స్వలింగ ప్రేమికుడైనచో అతడు కోపము, లోభము, పొరపాటు ఎరుగని సాధువై యుండవలెనని వీరి కోరిక. అట్టి నవల జాలి పుట్టించునేమో గాని ఉత్కంఠ పుట్టింపదు. మొదటి అధ్యాయములో అతడెట్టివాడో ప్రకటించి, తరువాత ఆ సంగతి మరచిపోయిన నవలయు అంతే. దానిని గూర్చి పాఠకులు విసుగుకొన్నచో తప్పు పాఠకులది కాదు.

తెలుగు పాఠకుడు ఈ కథకు సిద్ధముగా లేడన్న మాటను మాత్రము నేనంగీకరింపను. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధరును, అతని సహాయకుడు రాజును తరములు వెంబడించి చదివినవాడు ఈ పాఠకుడు. ‘త్వమేవాహమ్’ వ్రాసిన ఆరుద్ర చేతనే ‘పలకల వెండి గ్లాసు’ అను డిటెక్టివ్ నవల వ్రాయించుకొన్నవాడు. మధుబాబు షాడో కొరకు అద్దె పుస్తకాల షాపులో వంతు వేచినవాడు. ఆ అద్దె పుస్తకాల అంచులపై పెన్సిలుతో “వీడే హంతకుడు” అని ముందే వ్రాసి పెట్టినవారు, దాని క్రింద “కాదు, చివరిదాకా చదువు” అని ఖండించినవారు, మన భాషలో ఎవరును లెక్కింపని విమర్శకులు. హిజ్రాయగు రేవతి ఆత్మకథను, విజయవాడ కళాశాలలో ఆంగ్లము బోధించిన పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలిగించినపుడు మన పాఠకులు దానిని ఆదరించిరి, 2019లో ఆ అనువాదమునకు సాహిత్య అకాడెమీ పురస్కారము కూడ లభించినది. యథార్థగాథను గుండెకు హత్తుకొన్నవారు కల్పనను కాలదన్నుదురా?

గన్నవరము మీదుగా సాగిపోవు ఏలూరు రోడ్డులోనే విజయవాడ పుస్తక ప్రచురణకర్తల అంగళ్లు పెక్కు కలవు. వారికి నాదొక విన్నపము. ఇట్టి పరిశోధకునితో ఎవరేని యువరచయిత మీ గుమ్మమెక్కినచో, వ్రాతప్రతిలోని ఆధారములు సరిగా పొసగినవో లేవో చూచి నిర్ణయింపుడు. నాయకుని ఇంటిలో ఎవరున్నారో చూచి త్రిప్పిపంపకుడు. అచ్చయిన పిదప, జనవరిలో జరుగు పుస్తక మహోత్సవమున దానిని సమస్యల పుస్తకముల నడుమ వేరుగా కూర్చుండబెట్టక, యుగంధరు ప్రక్కన, డిటెక్టివ్ నవలల వరుసలోనే ఉంచుడు.