అమ్మకానికి లోగిలి

తెలుగువాడు తన పేరు చెప్పుకొనేటప్పుడు ముందు ఇంటిపేరు చెబుతాడు. ఆ తరువాతనే సొంత పేరు. మనిషికంటె ఇల్లు ముందన్న భావన ఆ వరుసలోనే ఉంది. ఈ ఇంటిపేర్లలో అనేకం ఊళ్ళ పేర్లు. నాదెండ్ల అటువంటి ఊరు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని జయించిన తరువాత ఆ సీమను పాలించిన గోపమంత్రిది నాదెండ్లవారి ఇల్లు. ఆయన తిమ్మరుసు మేనల్లుడు. సంస్కృతంలోని ప్రబోధచంద్రోదయ నాటకానికి వ్యాఖ్య రాసిన పండితుడు. మాదయగారి మల్లన తన ‘రాజశేఖర చరిత్రము’ను నాదెండ్ల అప్పామాత్యునికి అంకితమిచ్చాడు. ఆ మంత్రుల కోటలు శిథిలమయ్యాయి. ఇంటిపేరు మాత్రం ఐదు శతాబ్దాలుగా నిలిచి ఉంది. పేరుకున్న ఆయువు ఇంటికి లేకపోయింది.

నేడు నాదెండ్ల ఉన్న పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. జిల్లా కొత్తదే కాని, ఈ సీమలోని లోగిళ్ళు పాతవి. వాటిలో కొన్నింటి తలుపులకు ఏళ్ళ తరబడి తాళాలు వేలాడుతుంటాయి. ఒకనాడు గోడమీద ‘ఈ ఇల్లు అమ్మబడును’ అన్న రాత కనిపిస్తుంది. కొనడానికి వచ్చేవారు సాధారణంగా ఇంటిని కొనరు. స్థలానికి ఒక లెక్క కడతారు; టేకు దూలాలకు, స్తంభాలకు, ద్వారబంధాలకు మరొక లెక్క కడతారు. గోడలకు, గచ్చుకు, మండువాకు, అరుగుకు విలువ ఉండదు. పైగా వాటిని పడగొట్టే కూలి అదనపు ఖర్చని బేరం తగ్గిస్తారు. ఇల్లు అమ్ముకోవడం నేరం కాదు. కాని ఏమి అమ్ముతున్నామో ఎరుగకుండా అమ్మడం నష్టం. ఆ నష్టం ఒక్క కుటుంబానిదే కాదు, ఊరందరిది.

లోగిలి అంటే నాలుగు గోడలు, ఒక కప్పు కాదు. అది ఈ నేలనూ ఈ ఎండనూ ఎరిగిన ఒక శాస్త్రం. వేసవిలో పలనాటి ఎండ ఎంత తీవ్రమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ ఎండకు సమాధానంగా మన పూర్వులు మందపు గోడలు కట్టారు. ఇంటి నడుమ ఆకాశానికి తెరచిన మండువాను ఉంచారు. వేడిగాలి ఆ మార్గాన పైకి పోతే, చుట్టూ ఉన్న వసారాలలోకి చల్లగాలి వస్తుంది. నాలుగు వైపుల కప్పులు లోపలికి వాలి వాననీటిని మండువాలోకి దింపితే, తూము దానిని వెలుపలికి పంపుతుంది. పిడుగురాళ్ళ ప్రాంతపు సున్నపురాయి బట్టీలలో కాలి, ఎడ్లు లాగే రాతిచక్రం కింద గానుగలో నలిగి గోడలకు బలమిచ్చింది. పలనాటి నాపరాయి గచ్చుగా పరుచుకొని పాదాలకు చల్లదనాన్నిచ్చింది. దూరం నుంచి తెప్పించినదేదైనా ఉన్నదంటే, అది కలవారి ఇళ్ళలోని రంగూన్ టేకు మాత్రమే. ఈనాడు పెద్ద పట్టణాలలోని వాస్తుశిల్పులు విద్యుత్తు తక్కువగా వాడే ఇళ్ళకోసం ప్రయోగాలు చేస్తున్నారు. వారికి అవసరమైన పాఠాలు కొన్ని ఈ తాళం వేసిన తలుపుల వెనుక ఉన్నాయి.

అమ్మేవారిని నిందించడం సులభం, న్యాయం కాదు. వారసులు నలుగురుంటే ఒకరు గుంటూరులో, ఒకరు హైదరాబాదులో, మరొకరు అమెరికాలో స్థిరపడి ఉంటారు. ఉమ్మడి కుటుంబానికి కట్టిన ఇంటిని నాలుగు భాగాలుగా పంచుకోవడం సాధ్యం కాదు. మండువాను కోసి నలుగురికీ పెట్టలేరు. కారే కప్పును బాగుచేసే పనివాడు దొరకడు. దొరికినా, ఎవరూ కాపురముండని ఇంటిపై ఏటా సొమ్ము వెచ్చించడం మధ్యతరగతివారికి భారమే. ‘పాత ఇళ్ళను కాపాడండి’ అని ఉపన్యసించేవారు ముందుగా ఈ కష్టాన్ని గుర్తించాలి.

మరొక వాదం కూడ ఉంది. అది మరింత బలమైనది. ఆ లోగిళ్ళు అందరివీ కావు. పొలంలో చెమటోడ్చి ఆ ఇంటి గాదెలను నింపినవారు అరుగు కిందనే నిలబడవలసి వచ్చింది. లోపల కూడ స్త్రీల బ్రతుకు చాలావరకు వంటింటికీ పెరటికీ నడుమనే సాగింది. అటువంటి ఇల్లు కూలితే దుఃఖమెందుకని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సహేతుకమైనదే. కాని గోడను పడగొట్టినంత మాత్రాన చరిత్రలోని అన్యాయం తుడిచిపెట్టుకొని పోదు. దానికి సాక్ష్యం మాత్రమే పోతుంది. పైగా ఆ ఇంటిని కట్టిన చేతులు యజమానివి కావు. అవి వడ్రంగివి, తాపీ పనివానివి, రాళ్ళు కొట్టినవానివి, సున్నం కాల్చినవానివి. వారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు. వారి నైపుణ్యానికి మిగిలిన శాసనం ఆ ఇల్లే. దాన్ని కాపాడడమంటే యజమాని దర్పాన్ని కాదు, పనివాని ప్రతిభను కాపాడడం.

ఇంటితోపాటు మాట కూడ పోతుంది. మండువా, పంచపాళీ, అటక, దూలం, వాసం, గాదె, పాతర వంటి పదాలలో ఎన్నింటిని నేటి విద్యార్థులు వస్తువును చూపి చెప్పగలరు? ప్రాచీన కావ్యాలను బోధించేవారికి ఈ ఇబ్బంది నిత్యానుభవం. ఆముక్తమాల్యదలో రాయలు వర్షాకాలపు ఇళ్ళను వర్ణించాడు. హంసవింశతిలో అయ్యలరాజు నారాయణామాత్యుడు ఆనాటి వృత్తులను, వస్తువులను పేరుపేరునా చెప్పాడు. వస్తువు కనుమరుగైనచోట నిఘంటువు కూడ చాలదు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాయడానికి ఇటువంటి పదాలే ముఖ్యాధారాలయ్యాయి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాన్ని పొందిన గ్రంథమది. మనం చూపలేని ప్రతి వస్తువూ రేపటి పాఠకునికి అర్థంకాని ఒక పదమవుతుంది.

పాతదానిని నిలుపుకోవడం అసాధ్యమా? ఇంగ్లండులో పల్లెటూరి పాత కుటీరం అమ్మకానికి వస్తే, దాని వయస్సును గొప్పగా చెప్పి ధర పెంచుతారు. 1947 నాటి చట్టం అక్కడ విశిష్టమైన కట్టడాల జాబితాకు పునాది వేసింది. జాబితాకెక్కిన ఇంటిని కొన్నవారు అనుమతి లేకుండా దాని రూపాన్ని మార్చరాదు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన శిల్పాలు, కళాఖండాలవంటి వాటిని గుర్తిస్తుంది. విలువైన వ్రాతప్రతులకు డెబ్బయి అయిదేళ్ళు చాలు. సామాన్యమైన ఊరి ఇంటికి అటువంటి రక్షణ లేదు. అయినా మార్గాలు లేకపోలేదు. 1996లో చెన్నై సమీపాన ప్రారంభమైన దక్షిణచిత్రలో దక్షిణాది పాత ఇళ్ళను విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టారు. వాటిలో కొయ్యలగూడెం నేతగాని ఇల్లు కూడ ఉంది. అంతదూరం పోనక్కరలేదు. నాగార్జునసాగరం నిర్మాణంతో కృష్ణా లోయ మునిగిపోతున్నప్పుడు ఇక్ష్వాకుల కాలపు కట్టడాలను తరలించి కొండమీద, అనుపులో తిరిగి నిర్మించారు. అనుపు ఈ పలనాటిలోనిదే. పదిహేడు వందల ఏళ్ళనాటి ఇటుకను మోసుకొని రాగలిగినవారికి నూరేళ్ళనాటి ఇంటిని కాపాడడం శక్తికి మించిన పని కాదు.

అన్ని ఇళ్ళనూ నిలపలేము. నిలపనక్కరలేదు కూడ. మండలానికి ఒకటి రెండు మంచి లోగిళ్ళను పంచాయతీయో, ఊరి నుంచి వెళ్ళి స్థిరపడినవారో కొని, గ్రంథాలయంగానో బాలల కేంద్రంగానో వాడితే చాలు. ఒకనాడు కొందరికి మూసిన గడప అప్పుడు అందరికీ తెరుచుకొంటుంది. రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారి ఇల్లు, విజయనగరంలో గురజాడవారి ఇల్లు స్మారకాలుగా నిలిచాయి. మహాకవులు నివసించిన ఇళ్ళకే ఆ గౌరవం దక్కాలన్న నియమమేమీ లేదు. మిగిలినవాటిని పడగొట్టక తప్పనప్పుడు, ముందుగా కొలతలు తీయాలి, చిత్రాలు తీయాలి, ఏ భాగాన్ని ఏమంటారో పెద్దలనడిగి రాసి ఉంచాలి. అటకమీద తాటాకు ప్రతులుంటే చెత్తతో పారవేయక, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థవంటి చోటికి చేర్చాలి.

ఈ పనికి గొప్ప ధనం అవసరం లేదు. ఒక కొలత టేపు, ఒక నోటుపుస్తకం, పెద్దల మాట వినే ఓపిక చాలు. ఇవి విద్యార్థుల వద్ద ఉన్నవే. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత ఇంటి వివరాలు రాసి తెస్తే, కొన్నేళ్ళలో కళాశాలకు పలనాటి ఇళ్ళ చరిత్ర సమకూరుతుంది. ఇంటిపేరును రోజూ రాసుకొనేవారికి ఇంటిని గురించి ఒక్క పుట రాయడం బరువు కాదు.