ఖబర్ ఉన్నవాడే ఖబర్దార్

మన కళాశాలలో రెండు భాషలు ప్రక్కప్రక్కన వినవచ్చుచుండును. ఉర్దూ తరగతిలోని 'ఖబర్' తెలుగు తరగతిలో 'కబురు' అయినది. 'ఖబర్దార్' అను మాట మన పల్లెలలో 'ఖబడ్దార్' అను బెదిరింపుగా మారినది గాని, వార్త తెలిసి మెలకువతో నున్నవాడనియే దాని అసలు అర్థము. ఈ రెండు మాటలకు గల చుట్టరికమును నేటి సమాచార యంత్రాంగము మరచినదని మా అభిప్రాయము. కబురు మోయు తీగలు ఊరూరికిని వచ్చినవి. తీగ తెగినదను కబురు మాత్రము ఎవరికిని అందుట లేదు.

పాములపాడు మండలములోని బనకచర్లను చూడుడు. పోతిరెడ్డిపాడు నుండి సుమారు 16 కిలోమీటర్లు కాలువలో వచ్చిన శ్రీశైలం నీరు అచ్చటి క్రాస్ రెగ్యులేటర్ వద్ద చీలి తెలుగుగంగకును, శ్రీశైలం కుడిగట్టు కాలువకును, కె.సి. కాలువకును పోవును. ఎగువ తలుపులెత్తిన సంగతి దిగువవానికి ముందుగా తెలియనిచో నీరే వచ్చి చెప్పును. అందుచేతనే కాలువపై నీటిమట్టమును వేళ తప్పక చూచి వ్రాసికొనవలెను. రైతు వచ్చి మొరపెట్టుకొనువరకు ఆగుట కాపలా కాదు.

నీటికి ఒప్పుకొన్న ఈ న్యాయమును సమాచారమునకు మనము ఒప్పుకొనుట లేదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తన తీగను చాలవరకు విద్యుత్ స్తంభముల మీదుగా నడిపినది. ఖర్చు తగ్గినది, నిజమే. కాని గాలివానకు స్తంభమొరిగిన దీపమును కబురును ఒక్కసారే పోవును. భూమిలో పాతిన తీగకు త్రవ్వకముల భయము. ఆ భయము ఎంత పెద్దదనగా, త్రవ్వుటకు ముందు తెలుపుటకై 2023 మార్చి 22న ప్రధానమంత్రి ప్రత్యేకముగా ఒక యాప్‌ను ప్రారంభించవలసివచ్చినది.

తీగ తెగుట అపరాధము కాదు. తెగిన సంగతి తెలియకుండుటయే అపరాధము. చౌకధరల దుకాణములో వేలిముద్ర యంత్రము దూరముననున్న కంప్యూటరును అందుకొనలేనిచో 'నెట్ లేదు, రేపు రా అవ్వా' అందురు. ఆమె ఒక దినపు కూలిని పోగొట్టుకొని తిరిగిపోవును. సాయంత్రమునకు తీగ బాగుపడిన, ఆ దినము అచ్చట ఏమియు జరగనట్లే యుండును. నష్టము ఆమెది, లెక్క ఎవరిదియు కాదు.

దీనికి విరుగుడు క్రొత్తది కాదు. 1983లో మైక్ మూస్ అను అమెరికన్ 'పింగ్' అను చిన్న సాధనమును వ్రాసెను. ఒక చిన్న సందేశమును అవతలి యంత్రమునకు పంపి, జవాబు వచ్చెనా, ఎంతసేపటికి వచ్చెనని చూచుటయే దాని పని. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును; కావున నూరు కిలోమీటర్లు పోయివచ్చుటకు ఒక మిల్లీసెకను చాలును. జవాబు నిత్యమును ఆలస్యమగుచున్న, తీగ తెగకమునుపే దోషమున్నదని గ్రహింపవచ్చును.

'కంపెనీవారి కేంద్రములలో అన్నియు తెరలపై కనబడుచునే యున్నవి గదా' యని కొందరందురు. వారికి కనబడునది వారి పెట్టె వరకే. దుకాణములోని యంత్రము నుండి దూరపు కంప్యూటరు వరకు దారి మొత్తము తెరచియున్నదా యని ఆ చివర నుండియే చూడవలెను. అందులకు మూడు నియమములు అవసరము. మొదటిది, హెచ్చరిక తెగిన దారిననే పోరాదు. వేరొక కంపెనీ సిమ్ ద్వారా పోవలెను. రెండవది, ఒక్క జవాబు తప్పినంతనే గంట కొట్టరాదు; వరుసగా కొన్ని తప్పిననే కొట్టవలెను. 'నాన్నా పులి' కథ అందరికిని తెలిసినదే. మూడవది, హెచ్చరిక ఒక కార్యాలయమునకు గాక, పేరు గల ఒక మనిషికి చేరవలెను. అందరి పని ఎవరి పనియు కాదు.

చూచుటతో పాటు ప్రత్యామ్నాయమును ఉండవలెను. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా సమీపమున రెండు సముద్రపు తీగలు తెగగా మన దేశపు ఇంటర్నెట్ కుంటుపడినది. అయినను తూర్పు సముద్రమార్గము ఉండుటచేత నిర్వాహకులు రాకపోకలను అటు మళ్లింపగలిగిరి. పల్లెకు రెండవ దారి లేనిచో, కనీసము వేలిముద్ర లేకయే పుస్తకములో వ్రాసికొని సరుకిచ్చు అనుమతి యుండవలెను. యంత్రము మూగవోయినంతనే మనిషి ఆకలి ఆగదు.

పాలకవర్గమువారికి మా విన్నపమొక్కటి. ఉపకార వేతనముల దరఖాస్తులును, పరీక్ష రుసుములును నేడు ఈ తీగ మీదనే ఆధారపడియున్నవి. కళాశాలలో మూలబడిన ఒక పాత కంప్యూటరును విద్యార్థులకిచ్చి, ఉచిత సాఫ్ట్‌వేరుతో ఈ కాపలాను ఆరంభింపజేయుడు. ఏ దినము, ఎన్ని గంటలకు, ఎంతసేపు తెగినదో ఉర్దూలోను తెలుగులోను నోటీసు బోర్డుపై నెలనెలా ప్రకటింపుడు. ఏడాది లెక్క చేతనుండగా అధికారుల ఎదుట నిలిచినవాని మాటకు బరువుండును. విద్యార్థి మిత్రులారా, వార్తలు చదువువాడు కాదు, కబురు ఆగిన క్షణమును గుర్తించువాడే ఖబర్దార్.