పులస తగ్గడానికి వల ఒక్కటే కారణమా?



గోదావరిలో పులస తగ్గిపోవడానికి ఏటి జాలర్ల వలలే కారణమని గత సంచికలో ఒక వ్యాసకర్త రాశారు. గోదావరి పాయ గౌతమి ఒడ్డున జొన్నాడలో ఉంటున్నవాడిగా ఈ మాట ఒప్పుకోలేను. సన్నకన్ను వలలు తప్పే. కానీ పులస పుట్టి పెరిగేది ఏట్లో మాత్రమే కాదు. సముద్రంలో ఇలసగా తిరిగే చేప, వరద ఎర్రనీరు వాసన పట్టి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పుడే దాని పైదారి మూసుకుపోయింది. మిగిలిన కింది దారికి వాకిలి సముద్ర మొగ.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్లకు వేట నిషేధం. ఇలస గుంపులు మొగల వైపు కదిలేది ఆ తరువాతే, వరదల వేళ. అప్పటికి బోట్లన్నీ కడలిలోనే ఉంటాయి. తీరానికి ఎనిమిది కిలోమీటర్లలోపు నాటు పడవలకే వదలాలని 1994 చట్టం ఉన్నా, ఆ గీత కాపాడేవారేరీ?

నాటు పడవ జాలరిని నిందించే ముందు, వరద నెలల్లో గౌతమి, వశిష్ఠ మొగల దగ్గర మరబోట్ల వేట ఆపించమని మత్స్యశాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, జొన్నాడ