ఊళ్ళో ఉండి చదివే చదువు

మనిషి ఎలా పుట్టుకొచ్చాడు, ఎలా బతుకుతున్నాడు అన్నది చదవడం, ఆ చదువును మనుషుల మధ్యే ఉండి చేయడం: విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగం పని ఇది. రాతి పనిముట్లు, పుర్రెలు, జన్యువులు, బంధుత్వం, పెళ్ళి, దేవుళ్ళు, భూమి, సంత అన్నీ ఒకే విభాగం కప్పు కిందికి రావడం ఈ శాస్త్రానికే చెల్లింది. మన దేశంలో 1920ల మొదట్లో, అశుతోష్ ముఖర్జీ పూనికతో, కలకత్తా విశ్వవిద్యాలయంలో దీనికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. తెలుగు నేల మీద విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఈ చదువు చెబుతున్నాయి.

ఈ విభాగాల గురించి బాగా చదువుకున్నవాళ్ళలో కూడా ఒక అభిప్రాయం పాతుకుపోయింది. మానవశాస్త్రం అంటే గిరిజనుల గురించిన శాస్త్రమనీ, గిరిజనుల చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి కాబట్టి ఇక చదవడానికి మిగిలిందేమీ లేదనీ అంటారు. ఏదైనా తెలుసుకోవాల్సి వస్తే ఒక ప్రశ్నావళి, నలుగురు కుర్రాళ్ళు, నాలుగు ట్యాబులు చాలంటారు. నెలల తరబడి ఊళ్ళో కూర్చోవడం డబ్బు దండగంటారు. సివిల్స్ రాసేవాళ్ళకు ఆప్షనల్‌గా పనికొస్తుంది గనక సబ్జెక్టు పేరు ఉంటే ఉండనిమ్మంటారు. ఈ మాటల్లో ఒక్కటీ పరీక్షకు నిలవదు. నిలవకపోయినా నిధులు కోసేటప్పుడు, ఫీల్డ్‌వర్క్ రోజులు తగ్గించేటప్పుడు బల్ల మీదికి వచ్చేది ఈ వాదనే కాబట్టి దీన్ని మెట్టుమెట్టుగా విప్పి చూడాలి.

గిరిజనుల శాస్త్రమన్న మాట మన గడ్డ మీదే అబద్ధమైంది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే ఒక బృందాన్ని వెంటబెట్టుకుని హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటకు వెళ్ళారు. అది గిరిజన గూడెం కాదు. రెడ్లు, గొల్లలు, కుమ్మరులు, మాలమాదిగలు, ముస్లింలు ఉన్న మామూలు తెలంగాణ పల్లె. బృందంలో వ్యవసాయం, వైద్యం, పశువైద్యం తెలిసినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పనిలోంచి 1955లో వచ్చిన 'ఇండియన్ విలేజ్' భారతీయ గ్రామాన్ని గ్రామంగా చూసిన తొలి పుస్తకాల్లో ఒకటి. ఇవాళ శామీర్‌పేట నగరంలో కలిసిపోతోంది. అక్కడ ఎవరి భూమి ఎవరి చేతికి పోయింది, ఏ కులం ఏ పని వదిలి ఏ పనిలోకి వెళ్ళింది అని అడిగేవాళ్ళకు డెబ్బై ఏళ్ళ కిందటి ఆ చిత్రమే కొలమానం.

ఇంకా వెనక్కి వెళ్తే, మన ఇళ్ళలో రోజూ పలికే వరసలే ఈ శాస్త్రానికి పునాదిరాళ్ళలో ఒకటయ్యాయి. అమెరికాకు చెందిన లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో అచ్చువేసిన బంధుత్వ గ్రంథంలోని పట్టికల్లో తమిళ, కన్నడ పదాలతో పాటు తెలుగు పదాలూ ఉన్నాయి. తెలుగులో నాన్న అన్నదమ్ములు పెదనాన్న, బాబాయి అవుతారు. అమ్మ అక్కచెల్లెళ్ళు పెద్దమ్మ, పిన్ని అవుతారు. వాళ్ళ పిల్లలంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళే. మేనమామ, మేనత్తల పిల్లలు మాత్రం బావ, బావమరిది, వదిన, మరదలు. ఇంగ్లీషులో వీళ్ళందరూ కజిన్లే. తెలుగులో ఒకరు తోడబుట్టినవాళ్ళతో సమానం, ఇంకొకరు పెళ్ళాడదగినవాళ్ళు. ఇలా విడదీసే పద్ధతి అమెరికాలోని సెనెకా ఇండియన్లలోనూ ఉండటం చూసి మోర్గన్ నివ్వెరపోయాడు. ఆ పోలికకు ఆయన చెప్పిన కారణం నిలవలేదు. ఆయన లేవనెత్తిన ప్రశ్నను మాత్రం విభాగాలు ఇవాళ్టికీ చదువుతున్నాయి.

ఇక సర్వే సంగతి. సర్వే పనికిమాలినదని ఏ మానవశాస్త్రవేత్తా అనడు; ఊళ్ళో దిగిన మొదటి వారం ఇంటింటి షెడ్యూలు నింపడంతోనే గడుస్తుంది. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. జనాభా లెక్కల్లో కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు. ముగ్గురు కొడుకులు వేరుపడిన ఇంట్లో ముసలితల్లి నెలకొకరి దగ్గర వంతులవారీగా తింటుంది. సర్వే కుర్రాడు వచ్చిన రోజున ఆమె పెద్దకొడుకు వంతులో ఉంటే ఆ ఇంటి మనిషిగా పడుతుంది. వంతు మారే రోజైతే రెండిళ్ళలోనూ పడొచ్చు, ఎక్కడా పడకపోనూ వచ్చు. ఎక్కడ పడినా "పోషణ: కొడుకు" అని గడి నిండుతుంది. నెల రోజులు అదే వీధిలో ఉన్న విద్యార్థికి వేరే విషయాలు కనిపిస్తాయి. నెలకు ముప్పై ఒకటో రోజు వస్తే అది ఎవరి వంతు అన్న తగవు, నడిపి కోడలి ఇంట్లో ఉన్నప్పుడు ఆమె పొద్దున్నే పక్కింటి అరుగు మీదికి చేరడం, వచ్చిన పెన్షన్ ఏ ఇంట్లో ఖర్చవుతోందన్నది. ఇవేవీ ప్రశ్నావళిలో ఉండవు, ఎందుకంటే అడగాలని తెలిస్తేనే గదా ప్రశ్న రాసేది. ఆ ప్రశ్న ఊళ్ళోనే పుడుతుంది.

ఊళ్ళో ఉండటం ఎంత లోతు పనో మానవశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ అనుభవం చెబుతుంది. 1948లో ఆయన మైసూరు ప్రాంతంలోని రాంపురలో నెలల తరబడి ఉన్నారు. 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ఎవరో నిప్పుపెట్టడంతో, ఏళ్ళ తరబడి వర్గీకరించి పెట్టుకున్న నోట్సు ప్రతులు మూడూ కాలిపోయాయి. అయినా ఆయన ఎక్కువగా జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన 'ది రిమెంబర్డ్ విలేజ్' 1976లో వెలువడింది. నింపిన ఫారాలే పరిశోధన అయితే ఆ మంటతోనే ఆ పని ముగిసిపోయేది.

ఫీల్డ్‌వర్క్ దండగ అనేవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన కథ పాపువా న్యూగినీలోని ఫోరె ప్రజలది. వాళ్ళలో కురు అనే జబ్బు వచ్చేది. ఒళ్ళు వణికి, కాళ్ళు పట్టుతప్పి, రోగి చాలాసార్లు ఏడాదిలోపే చనిపోయేవాడు. ఎక్కువగా ఆడవాళ్ళకు, పిల్లలకు వచ్చేది. 1957లో గైడుసెక్, జిగాస్ అనే వైద్యులు దీన్ని వైద్య లోకానికి తెలియజేశారు. జబ్బు కుటుంబాల్లోనే తిరుగుతోంది కాబట్టి వంశపారంపర్యమన్న వాదన బలపడింది. 1960ల మొదట్లో షర్లీ లిండెన్‌బామ్, రాబర్ట్ గ్లాస్ అనే మానవశాస్త్రజ్ఞులు ఫోరె ఊళ్ళలో మకాం పెట్టి వంశవృక్షాలు రాసుకున్నారు. అప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఫోరె వాళ్ళు తల్లి, అక్క అని పిలిచే చాలామంది రక్తసంబంధీకులు కారు. పిన్నిని, వరసకు పిన్ని అయ్యే పొరుగావిడను ఒకే మాటతో పిలిచే తెలుగువాళ్ళకు ఇది వెంటనే అర్థమయ్యే విషయం. బయటి డాక్టర్లకు తట్టలేదు. రెండోది, తమ ఊళ్ళోకి కురు ఎప్పుడొచ్చిందో, మొదట ఎవరికి వచ్చిందో ముసలివాళ్ళు పేర్లతో సహా చెప్పారు. అది బతికున్నవాళ్ళ జ్ఞాపకంలోనే మొదలై ఊరూరా పాకిన జబ్బు. ఇంత కొద్దికాలంలో ఇంతగా పెరిగి ఇలా ప్రాణం తీసే జబ్బు ఒట్టి వంశపారంపర్యం అయ్యే వీల్లేదు. చనిపోయిన అయినవాళ్ళ శరీరాన్ని దుఃఖాచారంగా తినే పద్ధతి ఎక్కువగా ఆడవాళ్ళలో, వాళ్ళ వెంట ఉండే పిల్లల్లో ఉండేది. ఆ ఆచారానికీ జబ్బు పాకిన దారికీ లంకె కుదిరింది. జబ్బు ఒకరి నుంచి ఒకరికి సోకుతుందని తర్వాత చింపాంజీల మీద ప్రయోగాల్లో రుజువైంది. గైడుసెక్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. అరుగు మీద కూర్చుని ముసలమ్మల మాటలు రాసుకున్నవాళ్ళ పేర్లు ఇవాళ చాలామందికి తెలియవు. ఆ రాతలు లేకపోతే తప్పు దారిలో ఇంకెన్నాళ్ళు నడిచేవాళ్ళో.

ఇటువంటి పనికి మన దగ్గరా కొదవ లేదు. నీలగిరి గిరిజనుల్లో కొడవలికణ (సికిల్ సెల్) వ్యాధి జన్యువు ఉందని 1952లో తొలిసారి బయటపడింది. 2047 నాటికి ఈ జబ్బును తుడిచిపెట్టాలని కేంద్రం 2023లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. రక్తపరీక్ష కిట్టు పంపడం తేలిక. జన్యువును మోసే ఇద్దరి మధ్య పెళ్ళి గురించి మాట్లాడటానికి ఏ గోత్రానికి ఏ గోత్రంతో వియ్యముందో, ఎవరి మాట చెల్లుతుందో తెలియాలి. మేనరికం సంగతీ అంతే. జీవశాస్త్రాన్నీ సమాజాన్నీ ఒకే తరగతిలో నేర్చే విద్యార్థి తయారయ్యేది ఈ విభాగంలోనే.

చట్టం కూడా ఈ పని విలువను గుర్తించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది, హక్కు రుజువుగా ఏమేం చూపవచ్చో చెబుతుంది. అందులో పెద్దమనుషుల వాంగ్మూలాలున్నాయి, పాత రికార్డుల్లోని పేర్ల దాకా వెళ్ళే వంశవృక్షాలున్నాయి, భారత మానవశాస్త్ర సర్వేక్షణ వంటి సంస్థలు ఆచారాల మీద చేసిన అధ్యయనాలున్నాయి. ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానంలోకి రాకూడదని తర్వాతి సవరణ స్పష్టంగా రాసింది. గిరిజనేతరులైన అటవీవాసులు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అడవి మీద ఆధారపడి బతికినట్టు చూపాలి. ఆ వంశవృక్షాన్ని ఎవరు రాస్తారు? పోడు చేసుకునే మనిషికి రాత రాదు, రెవెన్యూ గుమాస్తాకు వరసలు తెలియవు.

మానవశాస్త్రం మీద మరో ఆరోపణ ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఈ శాస్త్రం తెల్లదొరల పాలనకు సేవ చేసిందంటారు. చేసింది. మద్రాసు మ్యూజియంలో ఎడ్గార్ థర్‌స్టన్ జనం ముక్కులూ తలలూ కొలిచాడు. 1909లో ఆయన రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. ముక్కు కొలతతో కులాల పెద్దాచిన్నా తేల్చొచ్చని బ్రిటిష్ అధికారి రిస్లీ నమ్మాడు. పుట్టుకతో నేరస్థులన్న ముద్ర 1871 చట్టంగా మారి, 1911 చట్టంతో మద్రాసు దాకా పాకి, ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం వంటి చోట్ల బంధించింది. అయితే పుట్టుకే మనిషిని తేలుస్తుందన్న ఆ నమ్మకాన్ని కూల్చినవాళ్ళలో ముందున్నదీ ఇదే శాస్త్రం. అమెరికాకు వలసవెళ్ళినవాళ్ళ పిల్లల తలలు తల్లిదండ్రుల తలల్లా లేవని ఫ్రాంజ్ బోయాస్ కొలిచి చూపాడు. జర్మనీలో చదివిన ఇరావతీ కర్వే పుర్రెలు కొలిచి, తన గురువు జాతి సిద్ధాంతం కోరిన ఫలితం రావడం లేదని సిద్ధాంత వ్యాసంలోనే రాసింది. ఈ చరిత్రనంతా మంచిచెడ్డలతో విద్యార్థులకు చెప్పే చోటు మానవశాస్త్ర విభాగం. దాన్ని మూసేస్తే పాత తప్పు తెలిసినవాళ్ళే కరువవుతారు.

మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం హతుడయ్యాక, గోండుల ఆగ్రహానికి మూలమేమిటో తేల్చమని నిజాం సర్కారు ఈ ఆస్ట్రియా దేశస్థుణ్ణి అడిగింది. సర్కారు కొలువే, సందేహం లేదు. ఆయన మార్లవాయిలో భార్య బెట్టీతో కలిసి కాపురముండి గోండీ నేర్చుకున్నాడు. భూములు ఎలా చేజారాయో వివరంగా రాశాడు. ఆ తర్వాత లక్ష ఎకరాలకు పైగా గిరిజనుల పేర పట్టాలయ్యాయి. గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చే శిక్షణ కేంద్రం మార్లవాయిలోనే వెలిసింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో ఏటా జరిగే దర్బారు ఆయన కాలంలో మొదలైందే. బెట్టీ సమాధి ఆ ఊళ్ళోనే ఉంది.

ఆప్షనల్ వాదనకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. మెయిన్స్‌లో 500 మార్కులకు పనికొస్తుందన్నది నిజమే. సిలబస్ చిన్నది, నోట్సు బజార్లో దొరుకుతుంది. ఆ నోట్సులోని ప్రతి వాక్యం ఎవరో ఒక ఊళ్ళో వర్షాకాలం గడిపి తెచ్చింది. తెచ్చేవాళ్ళను ఆపేసి నోట్సు మాత్రం ఉండాలనడం చెరువు పూడ్చి నీళ్ళు తోడుకుందామనడమే.

విభాగాల్లో లోపాలు లేవని ఎవరూ అనలేరు. తెగ పేరు, జిల్లా పేరు మార్చి అవే అధ్యాయాలు పేర్చిన పీహెచ్‌డీలు చాలా ఉన్నాయి. నాలుగు పర్యటనల్లో, దుబాసీ సాయంతో, అచ్చువేసిన షెడ్యూళ్ళు నింపి తెచ్చిన పరిశోధన అలాగే ఉంటుంది. రోగం ఫీల్డ్‌వర్క్ ఎక్కువై వచ్చింది కాదు, తగ్గి వచ్చింది. గోండీ, కోయ, కువి, సవర భాషల్లో ఒకటైనా రాకుండా ఆ ప్రజల మీద చేసిన పరిశోధనకు డిగ్రీ ఇవ్వకూడదు. ఎమ్మే విద్యార్థికి కనీసం నెల, పరిశోధకుడికి కనీసం ఏడాది ఊళ్ళో ఉండే ఖర్చు విశ్వవిద్యాలయమే భరించాలి. కోస్తా రొయ్యల చెరువుల మీద, హైదరాబాద్ డెలివరీ కుర్రాళ్ళ మీద, గల్ఫ్‌కు పోయిన కరీంనగర్ ఇళ్ళ మీద కూడా అదే పద్ధతిలో పరిశోధనలు రావాలి. రాసిన వ్యాసం ఒక ప్రతి, తెలుగులో సంగ్రహంతో, ఆ ఊరి పంచాయతీ ఆఫీసుకో గ్రామసభకో తిరిగి చేరాలి. అందులోని వంశవృక్షం రేపు ఎవరి హక్కుపత్రానికి సాక్ష్యమవుతుందో రాసినవాడికి తెలియదు.